నేను కొలిచింది వీసీఓని కాదు, నా డాంగిల్‌నే! ఫేజ్ నాయిస్ అసలు ఎలా కొలవాలి?

ఇవాళ కొత్త టాపిక్ కాదు. పాత తప్పు ఒకటి సరిచేయాలి, దాంతోపాటు ఆ తప్పు ఎలా దొరికిందో కూడా చెప్పాలి.

రెండు ఎపిసోడ్ల క్రితం నేను రెండు వీసీఓలు పక్కపక్కన పెట్టి టెస్ట్ చేశాను, గుర్తుందా? ఒకటి వంద రూపాయల లోపు పార్టులతో నేనే సోల్డర్ చేసుకున్నది. ఇంకోటి రెండు వేలు పోసి కొన్న మెటల్ డబ్బా మాడ్యూల్. రెండూ 100 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవే. ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్‌తో ఫేజ్ నాయిస్ కొలిచి, 10 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ దగ్గర ఒకదానికి మైనస్ 91, ఇంకోదానికి మైనస్ 92 వచ్చిందని చూపించాను. "ఒక్క డీబీ తేడాకి రెండు వేలు దండగ, చౌకది కట్టుకోండి చాలు" అని కూడా కాన్ఫిడెంట్‌గా చెప్పేశాను.

ఆ వీడియో కింద ఫైనల్ ఇయర్ ఈసీఈ చదివే తమ్ముడు ఒకడు ఒక్క లైన్ కామెంట్ పెట్టాడు. "అన్నా, అదే డాంగిల్‌కి ఒక మంచి క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టి చూశావా?"

చూడలేదు. నాకది తట్టనే లేదు. ఆ రాత్రే పెట్టి చూశాను. 100 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ అంటే ఇలాంటి వీసీఓల కంటే చాలా చాలా నిశ్శబ్దంగా ఉండాలి. దానికి ఎంత వచ్చిందో తెలుసా? మైనస్ 92.

అంటే ఏంటి? నేను ఏది పెట్టినా అదే వస్తోంది. నేను కొలిచింది వీసీఓని కాదు, నా డాంగిల్ లోపల ఉన్న ఆసిలేటర్‌ని. నా మాట విని ఎంతమంది చౌకది కట్టుకున్నారో, ఎంతమంది ఆ నంబర్ తీసుకెళ్లి ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో పెట్టుకున్నారో నాకు తెలీదు. కనీసం ముగ్గురు పెట్టుకున్నారని మాత్రం తెలుసు, ఎందుకంటే వాళ్లు నాకు మెసేజ్ చేశారు. అందుకే ఈ ఎపిసోడ్.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం అసలు విషయం ముందు చెప్పేస్తా. వీసీఓ అంటే వోల్టేజ్ కంట్రోల్డ్ ఆసిలేటర్. మీరిచ్చే వోల్టేజ్‌ని బట్టి దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఇలాంటివి చాలానే ఉంటాయి. ఏ బ్యాండ్‌కి ట్యూన్ అవ్వాలన్నా వీటితోనే పని.

ఫేజ్ నాయిస్ అంటే? భజనలో చిడతలు వాయించేవాడిని ఊహించుకోండి. నిమిషానికి 120 దెబ్బలు కరెక్ట్‌గానే పడుతున్నాయి, సగటు బాగుంది. కానీ ఒక దెబ్బ రవ్వంత ముందు, ఇంకోటి రవ్వంత వెనక పడుతోంది. ఆసిలేటర్ కూడా అంతే. సగటు ఫ్రీక్వెన్సీ 100 మెగాహెర్ట్జే, కానీ ప్రతి సైకిల్ కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంది. దీన్ని స్పెక్ట్రమ్‌లో చూస్తే మధ్యలో ఒక సన్నటి గీత ఉండాల్సిన చోట గుడి గోపురంలా పక్కలకు దిగుతూ కనిపిస్తుంది. ఆ పక్కల ఎత్తే ఫేజ్ నాయిస్. మధ్య గీత నుంచి ఎంత దూరంలో చూస్తున్నామో అది ఆఫ్‌సెట్. అక్కడ ఒక్క హెర్ట్జ్ వెడల్పులో ఎంత నాయిస్ పవర్ ఉంది, క్యారియర్‌తో పోలిస్తే ఎన్ని డీబీలు తక్కువ అనేది లెక్క. దాని యూనిట్ డీబీసీ పర్ హెర్ట్జ్. మైనస్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

ఇది ఫోన్‌కి ఎందుకు అంటారా? 5జీలో 256 క్వామ్ అని ఒకటుంది. 256 చుక్కల్లో ఏ చుక్క వచ్చిందో రిసీవర్ గుర్తుపట్టాలి. ఆసిలేటర్ వణికితే ఆ చుక్కలన్నీ మధ్య బిందువు చుట్టూ అటూ ఇటూ తిరుగుతాయి, పక్కపక్క చుక్కలు కలిసిపోతాయి. అప్పుడు ఫోన్ చిన్న క్వామ్‌కి దిగిపోతుంది, మీ స్పీడ్ పడిపోతుంది. మిల్లీమీటర్ వేవ్ లాంటి పై ఫ్రీక్వెన్సీల్లో ఈ గోల ఇంకా ఎక్కువ. అందుకే 5జీ స్టాండర్డ్‌లో ఫేజ్‌ని వెంటాడి సరిచేయడానికే పీటీఆర్ఎస్ అని ప్రత్యేకంగా ఒక సిగ్నల్ పెట్టారు. ఇంకో లెక్క చూడండి. ఫ్రీక్వెన్సీని ఎన్ రెట్లు పెంచితే ఫేజ్ నాయిస్ 20 లాగ్ ఎన్ డీబీలు పెరుగుతుంది. 38.4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్‌కి వెళ్లాలంటే సుమారు 91 రెట్లు, అంటే 39 డీబీ. ఎవరూ ఆపలేరు, అది గణితం.

సరే, ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం.

డాంగిల్‌తో నేను చేసినదాన్ని డైరెక్ట్ స్పెక్ట్రమ్ పద్ధతి అంటారు. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో చేసినా ఇదే. క్యారియర్ ఎత్తు చూడు, 10 కిలోహెర్ట్జ్ పక్కన నాయిస్ ఎత్తు చూడు, తీసెయ్. నా ఎఫ్ఎఫ్‌టీ బిన్ వెడల్పు 100 హెర్ట్జ్. అక్కడ మైనస్ 72 కనిపించింది. ఒక్క హెర్ట్జ్‌కి మార్చాలి కాబట్టి ఇంకో 20 తగ్గిస్తే మైనస్ 92. ఇక్కడ చాలామంది చేసే చిన్న పొరపాటు ఒకటి చెప్తా. నాయిస్ రీడింగులకు సగటు తీసేటప్పుడు డీబీల్లో సగటు తీయకూడదు, పవర్‌లో తీయాలి. డీబీల్లో తీస్తే 2.5 డీబీ తక్కువ చూపించి మిమ్మల్ని సంతోషపెడుతుంది. ఇది నేను కరెక్ట్‌గానే చేశా. అంటే లెక్క కరెక్ట్, కొలిచిన వస్తువే తప్పు.

ఎందుకంటే డాంగిల్ 100 మెగాహెర్ట్జ్‌ని నేరుగా చూడదు. లోపల దాని సొంత ఆసిలేటర్‌తో కలిపి కిందికి దింపుకుంటుంది. ఆ సొంత ఆసిలేటర్ వణుకు కూడా నా వీసీఓ వణుకుతో కలిసిపోతుంది. బయటికి వచ్చాక ఏది ఎవరిదో విడదీయలేం. సొట్టపడ్డ సోలతో బియ్యం కొలిచి, ప్రతి బస్తాలోనూ బియ్యం తక్కువున్నాయని షాపువాడి మీద పడినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి, ఆ డాంగిల్‌ది 8 బిట్ల ఏడీసీ. 8 బిట్లకు థియరీ ప్రకారం వచ్చే సిగ్నల్ టు నాయిస్ సుమారు 50 డీబీ. 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఆ నాయిస్ పరుచుకుంటే ఇంకో 64. మొత్తం మైనస్ 114. అంటే లోపలి ఆసిలేటర్ దేవుడిచ్చినంత శుభ్రంగా ఉన్నా సరే, మైనస్ 114 కింద ఆ డబ్బాకి ఏమీ కనపడదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక అలవాటు ఉండేది. కొత్త టెస్ట్ రాస్తే ముందు కోడ్‌ని కావాలని పాడుచేసి, ఆ టెస్ట్ ఫెయిల్ అవుతుందో లేదో చూసేవాళ్లం. ఎప్పుడూ పాస్ అయ్యే టెస్ట్ టెస్టే కాదు. ఏది పెట్టినా మైనస్ 92 చూపించే మీటర్ కూడా అంతే కదా. ఇది నాకు తెలిసి కూడా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగానే మర్చిపోయా.

మరి మంచి మీటర్ ఎలా? ల్యాబుల్లో సిగ్నల్ సోర్స్ ఎనలైజర్ అని ఉంటుంది, లక్షల్లో మాట. అందులో వాడే ట్రిక్ మాత్రం వినదగ్గది. ఒకే సిగ్నల్‌ని రెండు వేర్వేరు ఛానెళ్లలో, రెండు వేర్వేరు రిఫరెన్స్ ఆసిలేటర్లతో కొలుస్తారు. మీ వీసీఓ నాయిస్ రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది. ఛానెళ్ల సొంత నాయిస్‌లకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. రెండిటినీ క్రాస్ కోరిలేట్ చేసి సగటు తీస్తూ పోతే పరాయి నాయిస్ కరిగిపోతుంది. వంద సగటులకు 10 డీబీ, పదివేలకు 20 డీబీ లాభం. ఓపిక ఎంతుంటే అంత కిందికి చూడొచ్చు.

మనకి లక్షలు లేవు. పైగా వీసీఓతో ఇంకో తలనొప్పి ఉంది, అది ఒక చోట నిలబడదు. గది కొంచెం వేడెక్కితే చాలు, కిలోహెర్ట్జ్‌ల కొద్దీ జరిగిపోతుంది. దాన్ని ఇంకో మంచి ఆసిలేటర్‌తో పోల్చాలంటే పీఎల్ఎల్ పెట్టి లాక్ చేయాలి. లాక్ చేస్తే ఆ లూప్ బ్యాండ్‌విడ్త్ లోపలి నాయిస్‌ని లూపే అణిచేస్తుంది, దాన్ని మళ్లీ లెక్కగట్టి సరిచేయాలి. నాకు అంత ఓపిక లేకపోయింది.

అందుకే మూడో దారి పట్టా. డిలే లైన్ డిస్క్రిమినేటర్. పేరు చూసి భయపడకండి. ఐడియా ఇంతే. వేరే గడియారం అక్కర్లేదు. వీసీఓని దాంతోనే, ఒక క్షణం ముందటి దాంతో పోలుద్దాం. సిగ్నల్‌ని రెండుగా చీల్చాలి. ఒకటి నేరుగా మిక్సర్‌కి పంపాలి. ఇంకోటి పొడుగాటి వైరులో తిప్పి ఆలస్యంగా అదే మిక్సర్‌కి తేవాలి. ఈ మధ్యలో ఫ్రీక్వెన్సీ కదిలితే రెండిటి ఫేజ్‌లో తేడా వస్తుంది. ఆ తేడా మిక్సర్ బయట చిన్న వోల్టేజ్‌గా కనిపిస్తుంది.

పొడుగాటి వైరు ఎక్కడ దొరుకుతుంది? [నవ్వుతూ] మా వీధి కేబుల్ టీవీ అతని దగ్గర. ఆర్‌జీ-6 చుట్ట, 100 మీటర్లు. "టీవీ ఎక్కడ పెడుతున్నారు సార్" అని అడిగాడు. టీవీకి కాదన్నా, సిగ్నల్‌ని లేట్ చేయడానికి అన్నా. నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ వైరులో సిగ్నల్ కాంతి వేగంలో 83 శాతం దాకా పోతుంది. 100 మీటర్లకు సుమారు 400 నానోసెకన్ల ఆలస్యం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆరేడు డీబీ నష్టం, భరించొచ్చు. వైరు 75 ఓమ్స్, మిగతా సామానంతా 50 ఓమ్స్, కాబట్టి కొంత సిగ్నల్ వెనక్కి తన్నుతుంది. క్యాలిబ్రేషన్ కూడా ఇదే వైరుతో చేస్తాం కాబట్టి ఈ పనికి పర్లేదు. మిక్సర్ మామూలు డబుల్ బ్యాలెన్స్‌డ్ డయోడ్ మిక్సర్. దాని వెనక ఒక లో పాస్ ఫిల్టర్, తర్వాత ఎన్ఈ5532 ఆప్ ఆంప్, అక్కడి నుంచి 96 కిలోహెర్ట్జ్ ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్. 10 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ అంటే మిక్సర్ బయట 10 కిలోహెర్ట్జ్ నాయిస్ అన్నమాట. సౌండ్ కార్డుకి అది హాయిగా వినిపిస్తుంది.

ఒక్క కండిషన్. మిక్సర్‌కి వచ్చే రెండు సిగ్నళ్ల మధ్య ఫేజ్ 90 డిగ్రీలు ఉండాలి. అప్పుడే అది ఫేజ్ మార్పుకి బాగా స్పందిస్తుంది, ఆంప్లిట్యూడ్ మార్పుని పట్టించుకోదు. 90 ఎలా తేవాలి? వీసీఓ నాబ్ కొద్దిగా తిప్పితే చాలు. మిక్సర్ బయట మల్టీమీటర్‌లో డీసీ సున్నా అయిన చోట 90 వచ్చినట్టే. ఈ వైరుతో మీరు ఎక్కడున్నా 600 కిలోహెర్ట్జ్ చిల్లర లోపే ఒక సున్నా దొరుకుతుంది.

తర్వాత క్యాలిబ్రేషన్. ఇది స్కిప్ చేస్తే మళ్లీ పాత కథే. సున్నా దగ్గర నిలబెట్టి, వీసీఓని సరిగ్గా 10 కిలోహెర్ట్జ్ జరిపాను, ఫ్రీక్వెన్సీ కౌంటర్ చూస్తూ. డీసీ 7.5 మిల్లీవోల్టులు మారింది. అంటే ఒక్క హెర్ట్జ్‌కి 0.75 మైక్రోవోల్ట్. ఇక మిక్సర్ బయట వోల్టేజ్ ఎంతుందో చూసి, ఫ్రీక్వెన్సీ ఎంత వణికిందో చెప్పేయొచ్చు. రెండో వీసీఓకీ విడిగా చేశా, దాదాపు అంతే వచ్చింది.

ఈసారి వీసీఓ కంటే ముందు మీటర్‌నే కొలిచాను. ఎలాగంటే 100 మీటర్ల చుట్ట తీసేసి, సుమారు 60 సెంటీమీటర్ల ముక్క పెట్టాను. 100 మెగాహెర్ట్జ్‌కి ఆ వైరులో అది పావు తరంగం, అంటే 90 డిగ్రీలు. కానీ ఆలస్యం 160 రెట్లు తక్కువ, కాబట్టి వీసీఓ వణుకు దాదాపు మాయమైపోతుంది. మిగిలేది మిక్సర్, ఆంప్, సౌండ్ కార్డ్ నాయిస్ మాత్రమే. చుట్టలో పోయే నష్టం ఇక్కడ లేదు కాబట్టి 6 డీబీ ప్యాడ్ కూడా వేశా, లెవెల్స్ సమానంగా ఉండాలి కదా. వచ్చింది రూట్ హెర్ట్జ్‌కి 8 నానోవోల్టులు. ఇది నా సోల లోపలి సొట్ట. ఈసారి దాని సైజు తెలుసు.

ఇప్పుడు అసలు నంబర్లు. రెండు వేల మాడ్యూల్, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 27 నానోవోల్టులు. 0.75 మైక్రోతో భాగిస్తే 0.036 హెర్ట్జ్. దాన్ని ఆఫ్‌సెట్‌తో, ఇంకో రూట్ 2తో భాగించి 20 లాగ్ తీస్తే మైనస్ 112. డాంగిల్ చెప్పిన దానికంటే 20 డీబీ మేలు! అంటే పవర్‌లో వంద రెట్లు.

చౌకది? 160 నానోవోల్టులు. మైనస్ 96.4.

ఇప్పుడు పాత రీడింగులు చూడండి, అన్నీ అర్థమవుతాయి. డాంగిల్‌ది మైనస్ 92. దానికి మైనస్ 112 కలిస్తే మైనస్ 92గానే ఉంటుంది. మైనస్ 96.4 కలిస్తే మైనస్ 91 అవుతుంది. నేను "ఒక్క డీబీ తేడా" అని తీసిపారేసిన ఆ ఒక్క డీబీ వెనక 15 డీబీలు దాక్కున్నాయి.

ఇక్కడితో వీడియో ఆపేసి "సారీ, ఖరీదైనదే కొనండి" అని చెబుదామనుకున్నా. థంబ్‌నెయిల్ కూడా రెడీ చేశా. కానీ ఒకసారి కాలాక చల్లటి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాం కదా. మైనస్ 96.4 నిజంగా ఆ వీసీఓదేనా అని మళ్లీ అనుమానం వచ్చింది.

వీసీఓకి ట్యూనింగ్ పిన్ ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రతి మైక్రోవోల్ట్ నాయిస్ ఫ్రీక్వెన్సీగా మారిపోతుంది. నాది ఒక్క వోల్ట్‌కి 5 మెగాహెర్ట్జ్ కదులుతుంది. అందుకే ఛార్జర్ అడాప్టర్‌తో ట్యూన్ చేయకుండా 9 వోల్టుల బ్యాటరీ వాడా. బ్యాటరీ బాగానే ఉంది. కానీ బ్యాటరీకీ వారాక్టర్‌కీ మధ్య 100 కిలోఓమ్స్ రెసిస్టర్ పెట్టా, ఏదో పాత సర్క్యూట్ డయాగ్రమ్‌లో చూసి. ఎందుకు అంతుండాలో ఆలోచించలేదు.

రెసిస్టర్ ఊరికే కూర్చున్నా నాయిస్ చేస్తుంది, ఉష్ణోగ్రత వల్ల. 1 కిలోఓమ్‌కి రూట్ హెర్ట్జ్‌కి 4 నానోవోల్టులు, 100 కిలోఓమ్స్‌కి 40. ఆ 40 నానోవోల్టుల్ని 5 మెగాహెర్ట్జ్‌తో గుణించండి, 0.2 హెర్ట్జ్. 10 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ దగ్గర అది మైనస్ 97. నేను కొలిచింది మైనస్ 96.4. అంటే ఈసారి కొలిచింది దాదాపు మొత్తం ఒక రెసిస్టర్‌ని! రూపాయి కూడా చేయని పార్ట్.

దాన్ని తీసి 1 కిలోఓమ్ వేశా. మళ్లీ సున్నా పట్టి, మళ్లీ క్యాలిబ్రేట్ చేసి కొలిచా. 50 నానోవోల్టులు. మైనస్ 106.5.

కాబట్టి నిజమైన తేడా ఒక్క డీబీ కాదు, 15 కాదు, 5.5 డీబీ. రెండు వేలకి 5.5 డీబీ కావాలా వద్దా అనేది మీ ప్రాజెక్ట్‌ని బట్టి ఉంటుంది. ఎఫ్ఎం ప్రయోగాలకైతే నా చౌకదే చాలు. రిసీవర్‌లో లోకల్ ఆసిలేటర్‌గా పెట్టి, పక్కనే గట్టి స్టేషన్ ఉన్నచోట బలహీనమైన సిగ్నల్ వినాలంటే నేను మాడ్యూలే కొంటా. ఎందుకంటే పక్క స్టేషన్ ఆ గోపురం పక్కలతో కలిసి మీకు కావాల్సిన సిగ్నల్ మీదికి వచ్చి కూర్చుంటుంది. దాన్ని ఏ ఫిల్టరూ తీయలేదు.

ఇంట్లో చేసేవాళ్లకి కొన్ని మాటలు. వీసీఓని బిస్కెట్ డబ్బా లాంటి మెటల్ డబ్బాలో పెట్టండి. 100 మెగాహెర్ట్జ్ అంటే ఎఫ్ఎం బ్యాండ్ మధ్యలో ఉన్నారు, కాబట్టి యాంటెన్నా జోలికి మాత్రం అస్సలు పోకండి. వీసీఓ బయట 3 డీబీ ప్యాడ్ ఒకటి వేయండి, లోడ్ మారితే ఫ్రీక్వెన్సీ జరగకుండా ఉంటుంది. ఫ్యాన్ ఆపండి. నిజంగా చెప్తున్నా, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే కింది ఆఫ్‌సెట్లలో గుట్టలు గుట్టలుగా కనిపించింది. టేబుల్ మీద వేలితో తడితే కూడా స్క్రీన్ మీద ఎగిరింది. మే నెలలో ఫ్యాన్ ఆపుకుని చేశా ఇదంతా, ఆ కష్టం వీడియోలో కనిపిస్తూనే ఉంది.

ఈ సెటప్‌కీ హద్దులున్నాయి. సౌండ్ కార్డు వల్ల 48 కిలోహెర్ట్జ్ దాటి చూడలేను. మంచి ఏడీసీ పెట్టినా వైరు పొడుగుని బట్టి 400 కిలోహెర్ట్జ్ దాకానే ఈ లెక్క నేరుగా నమ్మొచ్చు, 2.5 మెగాహెర్ట్జ్ దగ్గరైతే పూర్తిగా గుడ్డిది. ఇంకా దగ్గరి ఆఫ్‌సెట్లలో, అంటే 100 హెర్ట్జ్ లాంటి చోట, 400 నానోసెకన్లలో మార్పు చాలా తక్కువ కాబట్టి అక్కడ మంచి ఆసిలేటర్లని కొలవడం దీనివల్ల కాదు. క్రిస్టల్ ఆసిలేటర్‌ని దీంతో కొలవాలని చూడకండి, మళ్లీ డబ్బానే కొలుస్తారు.

పాత వీడియో తీసేయలేదు. టైటిల్ మార్చి, పైన తప్పు అని రాసి, ఈ నంబర్లు పిన్ చేశా. రిపోర్ట్‌లో మైనస్ 91 రాసుకున్న ముగ్గురికీ మెసేజ్ పెట్టా. ఇద్దరు మార్చుకున్నారు. ఒకరిది అప్పటికే సబ్మిట్ అయిపోయింది, వైవా మాత్రం ఇంకా వారం ఉంది. నిన్న రాత్రి గంటసేపు ఫోన్‌లో కూర్చుని ఈ డిలే లైన్ లెక్క మొత్తం చెప్పా. ఎగ్జామినర్ అడిగేలోపు తనే తప్పు చూపించి సరిచేస్తానంది. రెసిస్టర్ సంగతి కూడా చెబుతుందట. ఆ కామెంట్ పెట్టిన తమ్ముడికి 1 కిలోఓమ్ రెసిస్టర్లు ఒక ప్యాకెట్ పోస్ట్ చేశా.

వైరు చుట్ట ఇంకా నా మంచం కిందే ఉంది. తర్వాతి ఎపిసోడ్‌లో దాంతోనే ఏడీఎఫ్4351 బోర్డుని కొలుద్దాం. ఉంటా మరి.